కరీంనగర మండలమున దొరల బడులు – ఆంగ్లమును తెలుగును

సంఘ కార్యవర్గమువారు ఈ వార్షిక సంచికకు చరిత్రవ్యాసము నొకదానిని వ్రాయవలసినదని నన్ను కోరినప్పుడు, భావనాఋషి వృత్తాంతమునో మార్కండేయ మహర్షి వంశక్రమమునో నేను వ్రాయుదునని పెద్దలు తలచియుందురు. ఆ విషయములు మన సంచికలలో ఏటేట వచ్చుచునే యున్నవి. నాకంటె చక్కగా వ్రాయగలవారును మనలో కలరు. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి, సంస్కృతము చదివి తెలుగు చెప్పి పొట్టపోసికొన్నవాడను గావున, బడి యనునది మన పల్లెలకు ఎట్లు వచ్చినది, ఎవరు తెచ్చిరి, అందేమి చెప్పిరి యను విచారము నాకు సహజముగ నుండును. విద్యాచరిత్ర యనగానే మనవారు నలందా తక్షశిలలతో మొదలిడుదురు. తమ తాత ఏ బడిలో కూర్చుండెనో, అసలు కూర్చుండెనో లేదో, అడుగువారు అరుదు.

ఈ వ్యాసమునకు వస్తువు సముద్రములు దాటి వచ్చి మన సీమలో బడులు పెట్టిన క్రైస్తవ మిషనరీలు. నేను ఆ మతమువాడను గాను. వారి మతప్రచారమును సమర్థించుటకుగాని ఖండించుటకుగాని ఇచట పూనుకొనలేదు. వారి బడి మనకేమి చేసినది, ఏమి చేయలేదు అనుటయే ప్రస్తుతము.

మొదట ఆ కాలమునాటి మన మండలస్థితిని చెప్పవలెను. నేటి కరీంనగరము, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో పెద్దభాగము పూర్వము ఎలగందుల జిల్లా యనబడుచుండెను. మానేటి యొడ్డుననున్న ఎలగందుల కోట పేరే జిల్లాకు పేరు. 1905లో జిల్లాల సరిహద్దులు మారినప్పుడు కరీంనగరము పేరు స్థిరపడెను. ప్రజలు మాటలాడునది తెలుగు. ఉత్తరమున గోదావరి దాటినచో తెలుగుతోపాటు గోండి, కొలామి, మరాఠీ. కాని కచేరీలో నడచునది మొదట పారసీ, 1884 ప్రాంతమునుండి ఉర్దూ. అర్జీ వ్రాయించుకొనుటకు మన సాలెవాడు మున్షీకి డబ్బులిచ్చి, తన మాట తనకు తెలియని అక్షరములలో కాగితముపై ఎక్కుట చూచి, వ్రేలిముద్ర వేసి వచ్చెడివాడు. 1901 జనాభాలెక్కలనాటికి నైజాము రాష్ట్రమంతటను చదువ వ్రాయ నేర్చినవారు నూటికి ముగ్గురికి అటునిటుగ నుండిరి. స్త్రీలలో ఆ లెక్క చెప్పుకొనదగినది కాదు.

బడులు బొత్తిగా లేవనుట తప్పు. వీధిబడులుండెను. ఖానిగి బడులని మన ప్రాంతమున వానికి పేరు. అయ్యవారి ఇంటి అరుగుమీదనో గుడి మండపములోనో పది పదునైదుగురు పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్దుచు, ఎక్కములు వల్లించుచు, పెద్దబాలశిక్షయు సుమతి వేమన పద్యములును కంఠస్థము చేసెడివారు. కోదండము వేయుటయు గుంజిళ్ళు తీయించుటయు పాఠములో భాగములే. కోమటుల పిల్లలు లెక్కలకు, కరణముల పిల్లలు దస్తూరికి వచ్చుచుండిరి. మన పిల్లలు కొందరు వచ్చినను, కండెలు చుట్టు వయసు రాగానే మగ్గపు గుంటయొద్దకు పోవలసినవారే. ఊరి వెలుపలనుంచబడిన మాల మాదిగల పిల్లలకు ఆ అరుగు నెక్కు అధికారమే లేకుండెను. ఈ మాటను దాచి విద్యాచరిత్ర వ్రాయుట వృథా.

ఇక మిషనరీల సంగతి. తెలుగుదేశమున ఈ పని మన మండలములో మొదలుకాలేదు. లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను ఇరువురు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి. వారు తెలుగు నేర్చికొని, ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాయమున సువార్తలను తెలిగింపబూని, ఐదేండ్లలోనే, ఒకరు 1809లో ఒకరు 1810లో, కాలధర్మము నొందిరి. 1841లో రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు అనువారు మచిలీబందరు చేరగా, 1843లో నోబిలు ఆంగ్లపాఠశాలను తెరచెను. 1842లో హేయరు అను లూథరు మతస్థుడు అమెరికానుండి గుంటూరు వచ్చెను. అచ్చటి కలెక్టరు స్టోక్సు ఆయనకు అండగా నిలిచెను. నెల్లూరిలో బాప్తిస్టువారు 1840నాటికే నిలదొక్కుకొనిరి.

వీరందరి ముందును ఒకటే ప్రశ్న నిలిచియుండెను. బడిలో ఇంగ్లీషు చెప్పవలెనా, తెలుగు చెప్పవలెనా? మనము నేడు కొత్తగా తగవులాడుకొనుచున్నామని తలచు ప్రశ్న వారికి అప్పుడే తల నొప్పించినది. కలకత్తాలో అలెగ్జాండరు డఫ్ 1830లో తెరచిన బడిలో ఆంగ్లమే ప్రధానము. అగ్రవర్ణముల మేధావులను ఆంగ్లవిద్యతో ఆకర్షించినచో క్రైస్తవము పైనుండి క్రిందికి దిగునని ఆయన యూహ. బందరులో నోబిలుది ఆ మార్గమే. దీనికి విరుద్ధముగ, రూఫస్ ఆండర్సన్ అను అమెరికా మిషను కార్యదర్శి 1854-55లో స్వయముగ దేశమునకు వచ్చి చూచి, ఇంగ్లీషు చదివినవాడు పల్లె విడిచి ఉద్యోగమునకు పోవుచున్నాడే కాని గ్రామమున నిలుచుట లేదు, కావున దేశభాషా పాఠశాలలే మేలని తీర్మానింపగా, అహ్మద్‌నగరు మొదలగు చోట్ల వారి ఇంగ్లీషు బడులు మూతపడెను. సరిగా ఆ 1854లోనే చార్లెస్ వుడ్డు పంపిన విద్యాపత్రము వలన మిషను బడులకు సర్కారు గ్రాంటులు దొరకు దారి యేర్పడెను. గ్రాంటు కావలెనన్న ఇన్‌స్పెక్టరు మెచ్చవలెను. పట్టణములలో ఇన్‌స్పెక్టరును, పిల్లల తండ్రులును ఇంగ్లీషే కోరిరి. ఆండర్సన్ తలచిన దొకటి, బజారు కోరిన దింకొకటి.

నోబిలు బడిలో జరిగినదానిని ఇచట చెప్పక తప్పదు. 1852లో అందలి విద్యార్థులు మంచాల రత్నము, ఐనాల భూషణము అనువారు, ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు వెలమ, క్రైస్తవమును స్వీకరింపగా బందరు అట్టుడికిపోయి బడి ఖాళీయయ్యెను. కొన్నాళ్ళకు మరల నిండెను. మతము పోవునను భయముకంటె ఇంగ్లీషు పోవునను భయము పెద్దదని దాని యర్థము. ఒంగోలులో 1866లో దిగిన జాన్ క్లౌ అను ఆయనకు దీనికి వ్యతిరేకమగు అనుభవము. అచ్చటి బ్రాహ్మణులు ఇంగ్లీషు బడి కోరి తమ పిల్లలను పంపిరి. యెర్రగుంట్ల పేరయ్య మొదలగు మాదిగలు క్రైస్తవులై రాగా, వారితో సాంగత్యమున్న బడికి మేము రామని ఆ పిల్లలు లేచిపోయిరి. క్లౌ వారివెంట పోలేదు. 1876-78 కరువులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగము గుత్తకు తీసికొని వేలమందికి కూలి పెట్టెను. 1878 జూలై 3వ తేదీ యొక్కనాడే 2,222 మంది ఆయన సంఘమువారిచే బాప్తిస్మము పొందిరి. నోబిలు త్రోవ యొకటి, క్లౌ త్రోవ యొకటి. మన మండలమునకు వచ్చిన వెస్లియనువారికి ఈ రెండును ముందే తెలిసియున్నవి.

వెస్లియన్ మెథడిస్టులు సికిందరాబాదు దండులో అడుగుపెట్టినది 1879-80 ప్రాంతమున. విలియం బర్జెస్ వారిలో మొదటివాడు. నైజాము రాజ్యమున దండు బ్రిటిషువారి చేతిలో నుండుటచే విదేశీయునికి అచట నిలువ నీడ దొరకును. దాని వెలుపలికి, జాగీర్దారుల దేశ్‌ముఖుల సీమలోనికి పోవుటయే కష్టము. బెంజమిన్ ప్రాట్ అను ఆయన ఆ దశకముననే కరీంనగరమును తావుగా చేసికొని పనిచేసెను. తరువాత మెదకులో చార్లెస్ పోస్నెట్, నిజామాబాదులో కెర్ దంపతులు, గోదావరి గట్టున లక్షెట్టిపేటలో మరికొందరు, ఇట్లు తాళ్ళు సాగిన తీగవలె ఉత్తర తెలంగాణమంతటను ఆ సంఘము అల్లుకొనెను.

మన ప్రాంతమున దొర యనగా గడీలో నుండు దొర. వెట్టి చేయించువాడును దొరయే, పన్ను గుంజువాడును దొరయే. ఇప్పుడు తెల్లదొర యొకడు వచ్చి మాలవాడలో చెట్టు క్రింద కూర్చుండి పిల్లలకు పలకలు పంచుచున్నాడన్న వార్త విన్నప్పుడు, గడీవారికి ఎంత వింతయో, పల్లెవారికిని అంత వింత. ఇద్దరు దొరలలో ఎవని మాట చెల్లునో చూతమని ఊరు ఊరంతయు కాచుకొనియుండినదనుటలో అతిశయోక్తి యుండదు.

ఆ తెల్లదొర వచ్చి చేసిన మొదటి పని బోధించుట కాదు, చదువుకొనుట. తెలుగు పరీక్ష నెగ్గనిదే మిషనరీకి పని యొప్పగింపరు. మన పండితులలో నొకనిని జీతమునకు కుదుర్చుకొని, అకారమునుండి క్షకారమువరకు దిద్ది, బ్రౌను నిఘంటువు ముందుంచుకొని, 1873లో బందరు మిషనరీ ఆర్డెన్ వ్రాసిన తెలుగు వ్యాకరణమును చేతబట్టుకొని ఏండ్లకేండ్లు కష్టపడవలెను. అరసున్నయు శకటరేఫమును ఏల యుండవలెనని అడిగి పండితుని విసిగించిన దొరలు ఎందరో! ఇంగ్లీషు నేర్ప వచ్చినవాడు తెలుగువానికి శిష్యుడై కూర్చుండుట ఈ చరిత్రలో నాకు మిక్కిలి ఇంపైన ఘట్టము. ఆ పండితుల పేర్లు నివేదికలలో అరుదుగా కనబడును. మున్షీ అని వ్రాసి ఊరకుందురు. వృత్తిధర్మముచే వారు నాకు పూర్వులు గనుక, వారికి నమస్కరించి ముందుకు సాగుచున్నాను.

ఇక పల్లెబడిని గూర్చి. దానికి కట్టడము లేదు. మట్టిగోడల గుడిసె యొకటి. ఆదివారము ప్రార్థన, వారదినములలో బడి. ఉపదేశకుడే ఉపాధ్యాయుడు. అతడు ఆ వాడలోనే పుట్టి, మిషను బోర్డింగులో చదివి, శిక్షణ పొంది వచ్చినవాడు. అతని భార్యయు చదివినదైనచో ఆడపిల్లలకు ఆమె చెప్పును. పగటిపూట పిల్లలు పసులవెంట పోవుదురు కావున రాత్రి దీపము పెట్టి చెప్పుటయు కలదు. పాఠ్యపుస్తకములు చెన్నపట్టణమునుండి వచ్చును. 1858లో పుట్టిన క్రైస్తవ దేశభాషా విద్యాసంఘమువారు తెలుగు వాచకములను అచ్చొత్తించి చవుకగా నమ్ముచుండిరి. అక్షరములు, గుణింతములు, చిన్న కథలు, కూడికలు తీసివేతలు, బైబిలు కథలు, కీర్తనలు. ఇంతే. ఇంగ్లీషు పల్లెలో లేదు.

ఈ తుదిమాటను చదువరులు మరల చదువవలెనని కోరుచున్నాను. ఇంగ్లండునుండి వచ్చినవారు మన పల్లెలలో ఇంగ్లీషు చెప్పలేదు. తెలుగు చెప్పిరి. దానికి కారణము ఔదార్యము మాత్రమే కాదు. ప్రొటెస్టెంటు మతస్థునికి తన గ్రంథమును తాను చదువుకొనుట ధర్మము. ఆ గ్రంథము తెలుగున నున్నది. కావున కూలివాడు తెలుగు చదువవలెను. ఇంగ్లీషు చెప్పినచో ఆండర్సన్ భయపడినట్లే వాడు సికిందరాబాదునకో బొంబాయికో పోవును. పల్లెసంఘము పాడువడును. ఉద్దేశము వారిది, ఫలితము మనది. సర్కారు మదరసాలో ఉర్దూ చెప్పుచున్న ఆ దినములలో, ఊరి వెలుపలి గుడిసెలో ఒక కూలివాని కొడుకు తన తల్లి మాటను అచ్చులో చదువుచుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య యను గొప్ప ఆశయముతో వెలసినను, ఆ దేశభాష ఉర్దూయే కాని తెలుగు కాలేదు. 1920ల నడుమ ప్రైవేటు బడులకు అనుమతి తప్పనిసరియను నిబంధన వచ్చి అనేకమగు ఖానిగి బడులు మూలపడెను. మన సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో జన్మించి, తరువాత తెలుగు ఆచార్యుడై 1988 సంవత్సరమునకు జ్ఞానపీఠము నందుకొన్న సి. నారాయణరెడ్డిగారు సైతము బాల్యమున ఉర్దూ మాధ్యమముననే చదువవలసి వచ్చెను. 1935లో సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను జరిగిన నాల్గవ ఆంధ్రమహాసభ వంటి సభలు మాతృభాషలో బడి కావలెనని మరల మరల అడుగవలసి వచ్చినదన్నచో, ఆ కొరత యెంత పెద్దదో ఊహింపవచ్చును.

అట్లయిన ఇంగ్లీషు ఎవరికి దక్కినది? పట్టణమునకు. సికిందరాబాదు, హైదరాబాదులలో 1834 నాటి సెయింట్ జార్జి గ్రామరు పాఠశాల మొదలుకొని 1895లో వెలసిన స్టాన్లీ బాలికా పాఠశాల వరకు ఆంగ్లము చెప్పు బడులు పెరిగినవి. అచట ఉద్యోగుల పిల్లలు, వ్యాపారుల పిల్లలు, గడీవారి పిల్లలు చేరిరి. మిషను బోర్డింగులలో పల్లె క్రైస్తవుల పిల్లలలో తెలివిగలవారికి ఆంగ్లము చెప్పి గురువులుగను నర్సులుగను గుమాస్తాలుగను తీర్చిరి. తక్కినవారు తెలుగుతో ఆగిపోయిరి. ఆ తెలుగు వారికి సువార్త నిచ్చినది, కీర్తన నిచ్చినది, ఉత్తరము వ్రాయు శక్తి నిచ్చినది. కచేరీలో కొలువు నీయలేదు, అచట ఉర్దూ కావలెను. రైలులోను బొగ్గుగనిలోను మంచి కొలువు నీయలేదు, అచట ఇంగ్లీషు కావలెను. కాజీపేట బల్లార్షా రైలు 1920ల చివరకు పూర్తియై బెల్లంపల్లి బొగ్గు తరలుచున్నప్పుడు, ఆ బండిలో గార్డు ఎవడు, గనిలో తట్ట మోసినవాడెవడు అని చూచిన ఈ భేదము కనబడును. మాతృభాషలో చెప్పుట మంచిదే. కాని పేదవానికి మాతృభాషయు ధనవంతునికి ఆంగ్లమును అని పంచిపెట్టుట మంచిది కాదు. ఈ పంపకమును మిషనరీలు కోరి చేసిరని నేననను. అది జరిగినదనుట మాత్రము నిజము.

ఇంకొక సంగతి. అక్షరము వెంట మతము వచ్చెను. బడికి పంపినచో పిల్లవాడు పరుడగునేమో యను తల్లిదండ్రుల భయమును మూఢత్వమని కొట్టివేయుట తగదు. కులము, పండుగ, పెండ్లి సంబంధము, చావునకు నలుగురు, ఇవి యన్నియు ఆ భయములో నున్నవి. మన సాలెవాడలు దొరల బడికి దూరముగ నుండుటకు ఇదియే ముఖ్యకారణమని నా యభిప్రాయము. మగ్గము రెండవ కారణము. అయిదుగురు కూర్చుండి పనిచేసినగాని ఒక చీర దిగదు. పిల్లవానిని బడికి పంపుట యనగా ఒక జత చేతులను మగ్గమునుండి తీయుట. దొర ఉచితముగ పలక నీయగలడు కాని ఆ చేతుల కూలి నీయగలడా? పిల్లలను పంపకపోవుటవలన మనవారు సోలాపురము, బొంబాయి, భివండీలకు వలసపోయినప్పుడు మరాఠీ అక్షరమును ఇంగ్లీషు అక్షరమును తెలియక మిల్లు మేస్త్రీ చెప్పినదే లెక్కగా బ్రతికిరి. వాడవెలుపలి గుడిసెలో చదివిన కూలివాని కొడుకు అప్పటికి ఉత్తరము వ్రాయ నేర్చెను. మనవాడు ఉత్తరము వ్రాయించుకొనుచుండెను.

దాతలగువారికి ఒక పేరు జ్ఞాపకము చేయుదును. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో వెలసిన కుష్ఠురోగుల చికిత్సాలయము డాక్టరు ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దేశపు వైద్యురాలి కృషి. ఆమె భర్త జార్జి కెర్ పాదరి. ఆ చికిత్సాలయమునకు ధనమిచ్చి నిలిపినవారిలో ప్రముఖుడు రాజా నర్సాగౌడు, హిందువు. మతము వేరని ఆయన చేయి వెనుకకు తీయలేదు. 1932లో ఆమె మరణించునాటికి ఆ స్థలము దేశదేశముల వైద్యులెరిగిన చోటయ్యెను. మిషనువారి బోర్డింగును చూచియే కావచ్చును, 1918లో రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు హైదరాబాదులో రెడ్డి వసతిగృహమును స్థాపించిరి. పల్లెపిల్లవానికి పట్టణమున చదువు కావలెనన్న ముందు కూడు, నీడ కావలెనను రహస్యమును ఆయన గ్రహించెను. భాగ్యరెడ్డి వర్మగారు 1910 నుండి హైదరాబాదులో ఆది హిందువుల పిల్లలకు తెలుగు బడులు నడపిరి. మతము మార్చుకొననక్కరలేకుండ అక్షరము నీయవచ్చునని చూపిన వారాయన. ఇతర కులములవారు వసతిగృహములు కట్టుచున్నప్పుడు మన పెద్దలు గుడి ప్రాకారములు కట్టుచుండిరన్నచో కొందరికి కోపము రావచ్చును. గుడిని నేను వలదనను. గుడిప్రక్క గది యొకటి ఖాళీగ నుండుటయే నా బాధ.

గోదావరి దాటి ఆదిలాబాదు వైపు చూతము. గోండులను గూర్చి మొదట శ్రద్ధగా వ్రాసినవాడు నాగపురములో బడి పెట్టిన స్టీఫెన్ హిస్లాప్ అను స్కాట్లండు మిషనరీ. ఆయన 1863లో నీట మునిగి మరణింపగా ఆయన కాగితములను రిచర్డు టెంపుల్ 1866లో ప్రకటించెను. గోదావరి దిగువన దుమ్ముగూడెములో జాన్ కెయిన్ అను మిషనరీ కోయలనడుమ నుండి వారి భాషను నేర్చి వారిని గూర్చి వ్రాసెను. కాని మన ఆదిలాబాదు గోండుల బడికి కారణభూతుడు మిషనరీ కాడు. 1940లో జోడేఘాటులో కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట నైజాము ప్రభుత్వము మేలుకొని, క్రిస్టొఫ్ హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తను గోండుల స్థితి విచారింప నియమించెను. యుద్ధము వచ్చుటచే శత్రుదేశపు పాస్‌పోర్టుతో ఈ రాజ్యమున చిక్కుకొనియున్న ఆ విదేశీయుడు 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణశాల పెట్టించెను. మొదటి వాచకములు గోండి భాషలో, నాగరలిపిలో. ఇంగ్లీషు లేదు, మతము లేదు. గోండు పిల్లవానికి గోండు పంతులు గోండిలో చెప్పవలెననుటయే ఆ పథకము. ఆయన భార్య బెట్టీ 1987లో మరణింపగా ఆమెకు మార్లవాయిలోనే సమాధి కట్టిరి.

మనవాడొకడు దీనిని అంతకుముందే చేసియుండెను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, తన డబ్బుతో సవరలకు సవరలోనే బడి పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణము ప్రకటించిరి. గ్రాంథికమున వ్రాయుచు గ్రాంథికవిరోధియగు గిడుగువారిని పొగడుచున్నాడే యని నవ్వువారు నవ్వుదురుగాక. భాషాశైలిలో ఆయనతో నాకు పొత్తు లేదు. బడి విషయమున ఆయన పాదములంటెదను.

పరదేశమున బోధించుట యనగా తెల్లవాడు నల్లవానికి బోధించుట మాత్రమే కాదు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత మిషనరీ సంఘమును స్థాపించి, నైజాము రాజ్యములోని డోర్నకల్లునకు తమవారిని పంపిరి. వారికి తెలుగుదేశము పరదేశమే. ఆ సంఘ స్థాపకులలో నొకడగు వేదనాయకము అజరయ్య 1912లో డోర్నకల్లు బిషప్పై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడయ్యెను. అదే 1903లో నెల్లూరు తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్య అను తెలుగువానిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పంపిరి. 1860 నుండి చెరకుతోటలకును, తరువాత తేయాకుతోటలకును కూలికి పోయిన తెలుగువారు అచట వేలకొలది యుండిరి. ఆయన ఆ సంవత్సరాంతమున కియర్స్నీ తేయాకుతోటలో వారికి తెలుగు సంఘమును నిలిపెను. 1915లో అచటనే మరణించెను. తెలుగు కీర్తన నేటాలు తోటలలో ఒక తరము నిలిచినది. తరువాతి తరములకు ఇంగ్లీషే ఇంటిభాష యయ్యెను. సోలాపురములోని మన బంధువుల మనుమలను చూచినవారికి ఇది కొత్తగా తోచదు.

1947 సెప్టెంబరు 27న వెస్లియనువారు తక్కిన సంఘములతో కలిసి దక్షిణ హిందూదేశ సంఘమైరి. దొరలు ఒకరొకరుగా వెడలిపోయిరి. మెదకులో 1924లో ప్రతిష్ఠింపబడిన పెద్ద గుడిని కట్టించిన పోస్నెట్ 1939లోనే ఇంగ్లండునకు మరలెను. 1978లో కరీంనగరము తన సొంత బిషప్పు గల అధ్యక్షమండలమయ్యెను. పల్లెలోని మట్టిగుడిసె బడులు కొన్ని ప్రభుత్వపాఠశాలలలో కలిసెను, కొన్ని కూలిపోయెను.

తరువాతి కథ మన కన్నులయెదుటిది. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతినుండి ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడెను. తెలుగు మాధ్యమమునకు పిల్లలు రాకపోవుటచే ప్రభుత్వమువారు చేసినది అదనుటలో అసత్యము లేదు. నూరేండ్లనాడు దొర పల్లెకు తేని ఇంగ్లీషును నేడు పల్లెయే కోరి తెచ్చుకొన్నది. కూలివాని బిడ్డకు ఆంగ్లము దక్కుట న్యాయమే. వెనుక చెప్పిన పంపకము దీనితో కొంత సరియగును. కాని మా వీధిలో ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు తన తాత పేరుగల శిలాఫలకమును చదువలేక, ఏమి వ్రాసినారని నన్నడిగినాడు. ఇంగ్లీషు వానికి సరిగా వచ్చినదా యని పరీక్షించితిని. అదియు సగమే.

సంఘమువారికి నా విన్నపము. సిరిసిల్ల, జగిత్యాల, వేములవాడ, కోరుట్ల, మెట్‌పల్లి, లక్షెట్టిపేట ప్రాంతముల మీ ఇండ్లలోను, మీ యిరుగుపొరుగు క్రైస్తవ సోదరుల ఇండ్లలోను, పాత పలకలు, తెలుగు వాచకములు, బడి హాజరు పట్టికలు, మిషను బోర్డింగు ఛాయాచిత్రములు, భివండీనుండియు సోలాపురమునుండియు వచ్చిన పాత ఉత్తరములు అటకలమీద నుండవచ్చును. చెదలు తినకముందు వానిని సంఘ కార్యాలయమునకు పంపినచో, నేను నకలు తీయించి మరల మీకు చేర్చెదను. ఉత్తరము ఎవరు వ్రాసినదో, ఎవరిచే వ్రాయించుకొన్నదో తెలిసినచో వెనుకవైపు పెన్సిలుతో వ్రాసి పంపవలెను.